ఆయా జీతం సరే, అమ్మ మాటేమిటి?

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. పాపకు ఐదో నెల. నా 26 వారాల ప్రసూతి సెలవు వచ్చే నెల ముగుస్తుంది. అనుభవమున్న ఆయా దొరికింది. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఏడు వరకు, ఆదివారం సెలవు, నెలకు 20 వేలు అడుగుతోంది. తెనాలి నుంచి మా అమ్మ వచ్చి మాతోనే ఉంటుంది. అమ్మకు 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. నాన్నకు షుగర్, ఆయన అక్కడే ఉంటారు. అమ్మ పైనుంచి చూసుకుంటుంది కాబట్టి ఆయాకు 12 వేలు ఇస్తే చాలదా?

జవాబు: చాలదు. ఆమె అడిగిన 20 వేలు ఇవ్వండి. రోజుకు 11 గంటలు, నెలకు 26 రోజులు. 20 వేలిస్తే గంటకు 70 రూపాయలు పడుతుంది, 12 వేలిస్తే 42. పాలు పట్టడం, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడం, గుడ్డలు మార్చడం, నిద్రపుచ్చడం... ఇంట్లో ఇంకొక మనిషి ఉన్నంత మాత్రాన ఇవేవీ సగం కావు. వంట, అంట్లు ఆమె మీద వేయకండి. జ్వరమొచ్చి రాకపోతే జీతం కోయకండి. పోలీసు వెరిఫికేషన్ చేయించి, మీ సెలవు ముగియడానికి రెండు వారాల ముందే పనిలో పెట్టుకోండి. పాపకు ఆమె చేయి అలవాటవుతుంది, ఆమె తీరు మీకూ తెలుస్తుంది.

జీతం సంగతి అంతే. మీ ఉత్తరం చదివాక నాకు మనసు కష్టమైంది మీ అమ్మగారి గురించి. ఆమె వస్తుందని మీరు నిర్ణయించేశారు. ఆమెను అడిగినట్టు ఎక్కడా లేదు. ఎన్నాళ్లుంటుందో లేదు. వెనక నాన్నగారికి వేళకు అన్నం, మాత్ర ఎవరిస్తారో అసలే లేదు.

తొలికాన్పు పుట్టింటివాళ్లు చూడటం మన ఇళ్లలో ఉన్నదే. ఏడో నెలలో తీసుకెళ్లడం, పథ్యం, పసిబిడ్డకు నలుగు, నీళ్లు, చివరకు సారెతో దించిరావడం. అంతా చేసే ఉంటారు, ఇష్టంగానే చేసి ఉంటారు. కానీ దానికి ఒక గడువుంది. ఆ తర్వాత బిడ్డను పెంచాల్సింది కన్నవాళ్లు. కూతురు అడిగితే తల్లి కాదనలేదు. అందుకే అడిగే ముందు కూతురే ఆగి ఆలోచించాలి. ఇది నా గట్టి నమ్మకం.

‘పైనుంచి చూసుకోవడం’ తేలిక పని అనుకుంటున్నారు. ఇంకో మూడు నాలుగు నెలల్లో పాప పాకుతుంది. నొప్పుల మోకాళ్లతో ఆమె వెంట పడగలదా? ఆయా రాని రోజు మొత్తం భారం ఎవరిది? తక్కువ జీతమని ఆయా నెలకే మానేస్తే, కొత్త మనిషి దొరికేదాకా ఎవరు ఎత్తుకుంటారు? మీరు మిగిల్చుకోవాలనుకున్న ఎనిమిది వేలు అమ్మ ఒంట్లోంచి, నాన్న భోజనంలోంచి వసూలవుతాయి. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఇది అవసరమా, అమ్మా?

మీవారు ఏం చేస్తారో ఒక్క మాటా రాయలేదు. పొద్దున ఆయా వచ్చేదాకా, సాయంత్రం వెళ్లాక పాప ఆయన పని కూడా. ఇక ఆఫీసు విషయం. ప్రసూతి ప్రయోజనాల గురించిన చట్టం ప్రకారం 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. సెలవు తర్వాత, యాజమాన్యం ఒప్పుకుంటే, ఇంటి నుంచి పనిచేసే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. మొహమాటపడకుండా రెండూ రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగం మానే ఆలోచన మాత్రం వద్దు.

అమ్మతో మాట్లాడేటప్పుడు నాన్నను కూడా కూర్చోబెట్టండి. వారికి రావాలని ఉందా, వస్తే ఇద్దరూ వస్తారా, ఎన్నాళ్లు, మధ్యలో ఊరికి ఎప్పుడు వెళ్తారు, అన్నీ వాళ్ల నోటితోనే చెప్పనివ్వండి. వస్తే మనవరాలితో ఆడుకోవడానికి రావాలి, ఆయాకు కాపలా కాయడానికి వద్దు. రాలేమంటే అలగకండి, ‘వాళ్లమ్మ ఉంది కదా’ అని పక్కింటివాళ్లతో పోల్చకండి. పాపను తీసుకుని మీరిద్దరే వెళ్లండి. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి తెనాలిలో ఉంటారు.