మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ బి.ఇ.2 నిఘా విమానం అంత నెమ్మది ఎందుకు? తుపాకీ ఉన్న మనిషిని ముందు సీట్లో ఎందుకు కూర్చోబెట్టారు?

ప్రశ్నలో కాస్త ఎత్తిపొడుపు కూడా ఉంది. గంటకు 116 కిలోమీటర్లు దాటని విమానం, తుపాకీ ఎటు తిప్పినా అడ్డొచ్చే రెక్కలు, దీన్ని పట్టుకుని 1914 నుంచి 1917 దాకా ఫ్రాన్స్ మీద తిరిగారంటే ఆ ఇంజనీర్లకు బుర్ర లేదా అని. నాకు ఈ విమానం మీద పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. రేడియో కంట్రోల్ మోడల్ విమానాలు కట్టి ఎగరేయడం నా పిచ్చి. దీని తర్వాతి రకమైన బి.ఇ.2సి ని అసలు సైజులో ఆరో వంతుకు బాల్సా చెక్కతో కట్టాను, ఇప్పటికీ ఎగరేస్తున్నాను. కాబట్టి చదివిందీ, చేత్తో కట్టి చూసిందీ కలిపి చెబుతాను.

ముందు దాని పనేమిటో చూడండి. 1912లో ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో జెఫ్రీ డి హావిలాండ్ బి.ఇ.2 ని రూపొందించే నాటికి గాలిలో పోట్లాట అనే ఆలోచన పెద్దగా ఎవరి లెక్కలోనూ లేదు. సైన్యానికి కావలసింది అంతవరకు గుర్రపు దళం చేస్తున్న పనే: అవతల ఎవరున్నారు, ఎంతమంది, ఎటు కదులుతున్నారు. 1914 ఆగస్టు 19న బ్రిటిష్ వాళ్ళు మొదటిసారి నిఘాకు పంపిన రెండు విమానాల్లో ఒకటి బి.ఇ.2, రెండోది బ్లెరియో. ఇద్దరు పైలట్లూ దారి తప్పారు! అయినా పక్షం రోజులు తిరిగేసరికి, జర్మన్ సేనాని ఫాన్ క్లుక్ సైన్యం పారిస్‌కు ఎదురుగా రాకుండా తూర్పు వైపు మళ్ళుతోందని ఫ్రెంచ్, బ్రిటిష్ విమానాలు పసిగట్టాయి. జర్మన్లను పారిస్ దగ్గర ఆపిన మార్న్ యుద్ధానికి దారి వేసిన కబురు అది. ఇలా ఫలితం చూపించాక సైన్యం ఈ పనిని వదులుకుంటుందా?

చూసి రావడమంటే కిందికి వంగి చూడాలి, మ్యాప్‌తో పోల్చుకోవాలి, పెన్సిల్‌తో రాసుకోవాలి. ఆ సమయంలో విమానం తనంతట తాను తిన్నగా పోవాలి. ఎడ్వర్డ్ బస్క్ అనే ఇంజనీరు ఈ లక్ష్యంతోనే బి.ఇ.2సి ని తీర్చిదిద్దాడు (1914 నవంబర్‌లో ఆయన నడుపుతున్న బి.ఇ.2సి గాలిలోనే అంటుకుని చనిపోయాడు). రెక్కలు చివర్ల వైపు కాస్త పైకి లేచి ఉంటాయి, పై రెక్క కింది రెక్క కన్నా ముందుకు జరిగి ఉంటుంది, తోక మీద నిలువు ఫిన్ కొత్తగా చేర్చారు. గాలి ఒక పక్క రెక్కను కిందికి తోస్తే విమానం ఆ పక్కకు జారుతుంది. జారిన వైపు రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి మళ్ళీ పైకి లేపుతుంది. నా మోడల్‌లో ఇది కళ్ళారా చూస్తుంటాను. ట్రిమ్ సరిచేసి స్టిక్‌లు వదిలేస్తే ముసలి ఎద్దు ఇంటిదారి పట్టినట్టు దాని మానాన అది పోతుంది. అదే గట్టిగా మలుపు తిప్పుదామంటే మొరాయిస్తుంది. వాలిన రెక్కను మళ్ళీ సమం చేసుకోవాలనే చూస్తుంది. క్లబ్బులో కుర్రాళ్ళు సరదాగా ఫైటర్ మోడల్‌తో వెంటపడితే, నా బి.ఇ.2 తప్పించుకున్న పాపాన పోలేదు. ఏ గుణం కోసం దాన్ని కట్టారో అదే దాని చావుకొచ్చింది.

ఇక చాలామందికి తెలియని సంగతి: ఈ విమానంలో పరిశీలన పనిలో పెద్ద భాగం వెనక సీట్లోని పైలట్‌దే. కెమెరా అతని సీటు పక్కన బయటివైపు బిగించేవారు. చలికి మొద్దుబారిన వేళ్ళతో గాజు ప్లేట్లు మార్చుకోవాలి. ఫిరంగులకు గురి చెప్పే రోజైతే వైర్‌లెస్ సంకేతాలు కొట్టే మోర్స్ కీ కూడా అతని చేతిలోనే. చివర సీసం గుండు కట్టిన పొడవాటి రాగి తీగను యాంటెనాగా కిందికి వదిలేవాడు. గురి చెప్పే పద్ధతి భలే తెలివైనది. లక్ష్యాన్ని గడియారం మధ్యలో ఉన్నట్టు ఊహించుకుని, ఉత్తర దిక్కుకు 12 అంటారు. మధ్య నుంచి దూరాన్ని బట్టి ఒక్కో వలయానికి ఒక అక్షరం: 50 గజాలకు ఎ, 100కి బి, 200కి సి. ఫిరంగి గుండు లక్ష్యానికి తూర్పున 100 గజాల దూరంలో పడితే ‘బి3’ అని కొడితే సరి. విమానం పంపగలదు గానీ వినలేదు. అందుకని కింద ఫిరంగి దళం వాళ్ళు నేల మీద గుడ్డ పట్టీలు పరిచి జవాబు చెప్పేవారు. ఇదంతా ఒకే మనిషి, ఒక చేత్తో విమానం నడుపుతూ! తిన్నగా పోయే విమానం కావాలని ఎందుకు పట్టుబట్టారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మరి ముందు సీటు సంగతి? అబ్జర్వర్ (అంటే ముందు సీట్లోని పరిశీలకుడు, తుపాకీ ఇతనిదే) బరువు విమానం గరిమనాభి దగ్గర ఉండాలి. అప్పుడు బాంబులు మోసుకెళ్ళాల్సిన రోజున అతన్ని దింపేసి పైలట్ ఒక్కడే వెళ్ళినా తూకం చెడదు. కాగితం మీద చక్కని ఏర్పాటే. మోడల్ ముందు సీట్లో నేనొక చిన్న బొమ్మను కూర్చోబెట్టి దాని చేతికి లూయిస్ గన్ అనే మెషిన్ గన్ ఇచ్చాను. ఎదురుగా తిరిగే నాలుగు రేకుల ప్రొపెల్లర్, నెత్తిన పై రెక్క, చెంపకు రెండు వైపులా స్ట్రట్లు (రెక్కలను కలిపే నిలువు కర్రలు), వాటి మధ్య అడ్డంగా బ్రేసింగ్ తీగలు, వెనక్కి తిప్పితే సొంత పైలట్ తల. గొట్టం ఎటు తిప్పినా ఏదో ఒకటి తగులుతుంది. ఆ తీగలన్నీ నేనే ఒక్కొక్కటిగా లాగి కట్టినవి కాబట్టి గట్టిగా చెబుతున్నా, అందులోంచి సూటిగా కాల్చగలిగిన సందు చాలా తక్కువ.

1915 వేసవిలో ప్రొపెల్లర్ మధ్య నుంచి కాల్చగల జర్మన్ ఫోకర్ మోనోప్లేన్లు వచ్చేసరికి బండారం బయటపడింది. 1916 జనవరి 14న వచ్చిన ఆదేశం చూడండి: నిఘాకు వెళ్ళే ఒక్క విమానానికి కనీసం మూడు విమానాలు కాపలా వెళ్ళాలి. అదే ఏడాది మార్చిలో పెంబర్టన్ బిల్లింగ్ అనే సభ్యుడు, మన పైలట్లది యుద్ధ మరణం కాదు, హత్య అనే ధోరణిలో బ్రిటిష్ పార్లమెంటులో విరుచుకుపడితే విచారణ వేయాల్సి వచ్చింది. నన్నడిగితే 1912 నాటి డిజైనర్లను తిట్టడం అన్యాయం. తిట్టాల్సింది 1916లో కూడా అదే విమానానికి మెరుగులు దిద్ది వందల కొద్దీ ఆర్డర్లు ఇచ్చినవాళ్ళను. 10 వేల అడుగులు ఎక్కడానికి ముప్పావు గంట పట్టే 90 హార్స్‌పవర్ బండిని 1917 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని ఆరాస్ యుద్ధం మీదికి పంపారు. ఆ ఒక్క నెలలో బ్రిటిష్ వాళ్ళు పోగొట్టుకున్న విమానాలు 245, వాటిలో బి.ఇ.2 లు బోలెడు.

అదే విమానం చీకట్లో మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది. అబ్జర్వర్‌ను దింపేసి, మంటపెట్టే తూటాల లూయిస్ గన్‌తో విలియం లీఫ్ రాబిన్సన్ 1916 సెప్టెంబర్ 3 తెల్లవారుజామున ఎస్ఎల్ 11 అనే జర్మన్ వాయునౌకను లండన్‌కు ఉత్తరాన కూల్చింది బి.ఇ.2సి తోనే. రాత్రిపూట దిక్కు తెలియని పైలట్‌కు తిన్నగా పోయే విమానమే దిక్కు.

సీట్ల గొడవ తర్వాత ఎలా తీరిందో చూడాలంటే లండన్‌లో హెండన్ మ్యూజియానికి వెళ్ళండి. ఎఫ్1010 నంబరు గల డిహెచ్.9ఏ విమానం ఉంటుంది. అది బాంబర్, నిజాం విరాళంతో విమానాలు సమకూరిన 110వ హైదరాబాద్ స్క్వాడ్రన్‌ది. 1918 అక్టోబర్ 5న జర్మన్లకు చిక్కి, బెర్లిన్, పోలెండ్ తిరిగి 1977లో ఇంగ్లండ్ చేరింది. మన ఊరి పేరు చూసి మురిసిపోయాక సీట్లు గమనించండి. పైలట్ ముందు, అబ్జర్వర్ వెనక. వెనక సీటుకు గన్ చుట్టూ తిరిగే ఇనుప వలయం ఉంటుంది, అక్కడి నుంచి తోక వైపు అంతా ఖాళీ.