పడవకు డీజిల్ ఇంజిను: ఆదా లీటర్లలో కాదు, గంటల్లో తేలుతుంది

ప్రశ్న: మా పడవకున్న 100 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజిను పాతబడింది, మార్చక తప్పదు. డీజిల్ ఇంజిను వేయిస్తే ఇంధనం మూడో వంతు తగ్గుతుందని ఒక మిత్రుడు, సగానికి సగం తగ్గుతుందని మరొకరు చెబుతున్నారు. బిగింపు ఖర్చుతో కలిపి చూస్తే, కొత్త పెట్రోల్ ఇంజినుకూ డీజిల్ ఇంజినుకూ ఉన్న తేడా సుమారు 8,000 లీటర్ల పెట్రోల్ ఖరీదుకు సమానం. ఏడాదికి 80 గంటల వరకు పడవ నడుపుతాం. ఆ తేడా సొమ్మును అప్పు తెచ్చి డీజిల్ ఇంజిను తీసుకోవడం మంచిదేనా?

జవాబు: ధరల తేడాను పెట్రోల్ లీటర్లలో చెప్పడం వల్ల మీరు నా పని సగం తేలిక చేశారు. ఇంధన వాడకం విషయంలో మీ మిత్రులిద్దరిలో మూడో వంతు అన్నవారి మాటే నిజానికి దగ్గరగా ఉంది. 100 హార్స్‌పవర్ శక్తిని పూర్తిగా వాడుకుంటూ నడిపినప్పుడు పెట్రోల్ ఇంజిను గంటకు దాదాపు 31 లీటర్లు తాగితే, అదే శక్తికి డీజిల్ ఇంజినుకు 21 లీటర్లు సరిపోతాయని లెక్క వేసుకోవచ్చు. డీజిల్ ఇంజినులో గాలి 16 నుంచి 20 రెట్ల దాకా నొక్కుకుపోతుంది, పెట్రోల్ ఇంజినులో అది 9 నుంచి 11 రెట్ల దగ్గరే ఆగిపోతుంది గనుక, ఒకే పరిమాణంలో పుట్టిన వేడి నుంచి డీజిల్ ఎక్కువ పని రాబట్టగలదు. పైగా లీటరు పెట్రోల్ కన్నా లీటరు డీజిల్ బరువు ఎక్కువ, అందులో ఉండే శక్తి కూడా పది శాతానికి పైగా ఎక్కువ. అందుకే తయారీదారులు గ్రాముల్లో ఇచ్చే పట్టికల్లో 20 శాతంగా కనిపించే తేడా లీటర్లలోకి మార్చేసరికి 30 శాతం దాటుతుంది. మనం బంకులో కొనేది లీటర్లలోనే కాబట్టి మనకు ఈ రెండో అంకే ముఖ్యం.

సగానికి సగం తగ్గిందన్న మిత్రుడు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. కార్బురేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్లలో పోసిన ఇంధనంలో నాలుగో వంతు దాకా కాలకుండానే పొగగొట్టం గుండా బయటికి పోతుంది. అలాంటి ఇంజిను తీసేసి ఏ కొత్త ఇంజిను పెట్టినా ఖర్చు గణనీయంగా పడిపోతుంది, ఆ ఘనత అంతా డీజిల్‌ది కాదు. మీ పాత ఇంజిను కూడా ఆ రకానిదే అయితే కొత్త ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజినుతోనే ఆదాలో పెద్ద భాగం మీ చేతికి వస్తుంది. కాబట్టి పాత ఇంజినుతో డీజిల్‌ను పోల్చకండి, కొనబోయే రెండు కొత్త ఇంజిన్లనే పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక అసలు లెక్కలోకి వద్దాం. పడవను ఎవరూ రోజంతా పూర్తి శక్తితో నడపరు గనుక సగటున 50 హార్స్‌పవర్ వాడుతున్నారనుకుందాం. అప్పుడు పెట్రోల్ గంటకు 15.5 లీటర్లు, డీజిల్ 10.5 లీటర్లు ఖర్చవుతాయి. రెండింటి ధరా ఒకటే అయితే గంటకు మిగిలేది దాదాపు 5 లీటర్లు, 80 గంటలకు 400 లీటర్లు. ఇంజిన్ల ధరలో తేడా 8,000 లీటర్లు కాబట్టి అసలు తిరిగి రావడానికే 20 ఏళ్లు పడుతుంది. అప్పు సంగతి చూస్తే ఏడాదికి 5 శాతం వడ్డీ పడినా ఆ వడ్డీయే 400 లీటర్ల ఖరీదు అవుతుంది. అంటే ఆదా మొత్తం వడ్డీకే చెల్లుతుంది, అసలులో ఒక్క లీటరు కూడా తగ్గదు. 9 శాతం వడ్డీ అయితే ఏటా 720 లీటర్లు కట్టాలి, కాబట్టి ప్రతి ఏడాదీ మీ జేబు నుంచే వేసుకోవాల్సి వస్తుంది. అప్పు కాకుండా మీ సొంత సొమ్మే పెట్టినా, అదే మొత్తాన్ని 5 శాతం వచ్చే డిపాజిట్‌లో ఉంచితే అసలు చెక్కుచెదరకుండా ఆ 400 లీటర్ల ఖర్చు వడ్డీ రూపంలో వస్తుంది.

ఇక్కడ మరో మెలిక కూడా ఉంది. మీరు ఇంధనం నింపుకునే చోట డీజిల్ ధర పెట్రోల్ కన్నా 20 శాతం ఎక్కువ ఉంటే గంటకు 5 లీటర్లనుకున్న ఆదా 3 లీటర్ల కన్నా కిందికి దిగిపోతుంది. డీజిల్ చవకగా ఉంటే ఆ మేరకు పెరుగుతుంది. అందుచేత ఇంజిను అమ్మేవారి శాతాలకు తలూపే ముందు, మీరు నింపుకునే చోట రెండు ధరలూ రాసుకుని ఈ లెక్కను మీ అంకెలతో మళ్లీ వేయండి.

డీజిల్ ఎక్కువ కాలం మన్నుతుంది కదా అని మీరు అడగవచ్చు. పెట్రోల్ ఇంజినుకు 1,500 గంటలు, డీజిల్‌కు 5,000 గంటలు అన్నది పెద్ద మరమ్మతు వరకు వాడుకలో ఉన్న స్థూలమైన లెక్క. ఏడాదికి 80 గంటల చొప్పున 1,500 గంటలు తిరగడానికే దాదాపు 19 ఏళ్లు పడుతుంది. అంతకు ముందే ఉప్పునీరు, తుప్పు, వాడకుండా నెలల తరబడి నిలిపి ఉంచడం ఏ ఇంజినునైనా దెబ్బతీస్తాయి. కదలకుండా పడి ఉన్న ట్యాంకులో నీరు చేరితే డీజిల్‌లో నాచులాంటి మడ్డి పెరిగి ఫిల్టర్లు మూసుకుపోతాయి. పెట్రోల్ కూడా నిల్వ ఉంటే పాడవుతుంది కాబట్టి ఈ విషయంలో ఏదీ గొప్పది కాదు.

భద్రతను మాత్రం విడిగా చూడాలి. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువైనది. అది పడవ అడుగున పేరుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. మామూలు వాతావరణంలో డీజిల్ అంత తేలికగా అంటుకోదు. మీ ఇంజిను మూసి ఉన్న గదిలో ఉండి, దాని పక్కనే మనుషులు పడుకునే క్యాబిన్ ఉంటే డీజిల్‌కు ఎక్కువ పెట్టడాన్ని నేను తప్పుపట్టను. అయితే దాన్ని ఆదా అని కాకుండా బీమా ప్రీమియంలా, భద్రత కోసం పెడుతున్న ఖర్చుగా రాసుకోండి. అప్పు తెచ్చి మరీ పెట్టాలా అన్నది అప్పుడు ఇంకా సూటిగా కనిపిస్తుంది.

పైసా ఖర్చు లేని మార్గం ఒకటి ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. నీటిని చీల్చుకుంటూ నెమ్మదిగా సాగే రకం పడవలో ప్రొపెల్లర్‌కు కావలసిన శక్తి తిరిగే వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. ఆ తిరిగే వేగాన్ని (ఆర్‌పీఎం) 80 శాతానికి దించితే శక్తి సగానికి పడిపోతుంది. ప్రయాణం కాస్త ఆలస్యమైనా, అదే దూరానికి ఇంధనం మూడో వంతుకు పైగా తగ్గుతుంది, అంటే డీజిల్ ఇస్తానన్న ఆదా కన్నా ఇది ఎక్కువే. నీటి పైకి లేచి దూసుకుపోయే రకం పడవకు ఇది ఇలాగే వర్తించదు. దాన్ని లేచీ లేవని మధ్య వేగంలో నడపడం అన్నిటికన్నా దండగ. అలాంటి పడవలో డీజిల్ ఇంజిను అదనపు బరువు కూడా ఆదాలో కొంత తినేస్తుంది.

కాబట్టి కొత్త ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిను తీసుకోండి, అప్పు జోలికి పోకండి. నిర్ణయానికి ముందు వాడకాన్ని ఒకసారి కొలవండి: ట్యాంకు అంచు దాకా నింపి, ప్రవాహం ప్రభావం పోయేలా ఒకే దూరాన్ని అటూ ఇటూ ఒకే వేగంతో నడిపి, మళ్లీ అంచు దాకా నింపి, పట్టిన లీటర్లను గంటలతో భాగించండి. పడవను అద్దెకు తిప్పే ఆలోచన ఉండి, వాడకం ఏడాదికి 400 గంటలకు చేరితే మాత్రం నా సలహా మారుతుంది. అప్పుడు ఏటా 2,000 లీటర్లు మిగులుతాయి, 9 శాతం వడ్డీతో తెచ్చిన అప్పు కూడా ఆ ఆదాతోనే ఐదేళ్ల పైచిలుకులో తీరిపోతుంది. పెట్రోల్ ఇంజిను ఆ లోపే పెద్ద మరమ్మతుకు వచ్చి ఉంటుంది. అయితే ఆ గంటలకు ముందస్తు ఒప్పందాలు చేతిలో ఉన్నప్పుడే అప్పు పత్రాల మీద సంతకం పెట్టండి.