జీతం నాది, ఓటీపీ ఆయనది

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మాదాపూర్‌లో ఉద్యోగం, జీతం 58 వేలు. ఏటీఎం కార్డు, బ్యాంకు యాప్ మావారి దగ్గరే. ఖర్చులకు నెలకు 3 వేలు ఇచ్చి, ప్రతి రూపాయికీ లెక్క అడుగుతారు. రెండేళ్ల కిందట నా పేరున 6 లక్షల పర్సనల్ లోన్ తీయించారు. ఇప్పుడు ఫ్లాట్ లోన్‌కు కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టమంటున్నారు. ‘భార్యాభర్తల మధ్య లెక్కలేంటి’ అంటారు. ఏం చేయను?

జవాబు: లెక్కలు వద్దనే మనిషి మీ 3 వేలకు లెక్క అడుగుతున్నారు, గమనించారా? ఇంటి డబ్బు ఒకరే చూసుకోవడం తప్పేమీ కాదు. పాస్‌బుక్ చూపించమని అడగడానికే భయపడాల్సి వస్తే మాత్రం అది వేరే సంగతి. 2005 నాటి గృహ హింస చట్టం దీన్ని ఆర్థిక హింసగానే లెక్కిస్తుంది. మీ సంపాదన, మీ స్త్రీధనం మీకు దక్కకుండా చేయడం కూడా అందులోకే వస్తుంది.

ముందు ఆ సంతకం ఆపండి. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున అవుతుందో కనుక్కోండి. ఫ్లాట్ ఆయన పేరున, అప్పు ఇద్దరి పేరున అయితే మీకు మిగిలేది అప్పే. కో-అప్లికెంట్ నుంచి బ్యాంకు బాకీ మొత్తం అడగొచ్చు. రేపు విడాకులైనా ఆ బాధ్యత పోదు. సూటిగా కాదంటే గొడవవుతుందనుకుంటే, కాగితాలు చదివి చెబుతానని గడువు తీసుకోండి.

ఇక అసలు పని, మీ జీతం మీ చేతికి తెచ్చుకోవడం. దీనికో వరస ఉంది, అది తప్పితే విషయం ఆయనకు తెలిసిపోతుంది. మొదటిది సిమ్. మీ పేరున కొత్త సిమ్ తీసుకుని, పాత ఫోన్‌లో వేసి ఆఫీసు డ్రాయర్‌లో పెట్టండి. ఆధార్‌కు ఆయన నంబరు ఉంటే ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి మార్పించండి. కాగితాలేవీ అక్కర్లేదు, వేలిముద్ర చాలు. పీఎఫ్, ఇన్‌కమ్ ట్యాక్స్ లాగిన్‌ల తాళంచెవి ఈ నంబరే.

తర్వాత ఖాతా. ఇప్పుడున్న బ్యాంకులో తెరవద్దు. కస్టమర్ ఐడీ ఒకటే కాబట్టి కొత్త ఖాతా ఆయన చూసే యాప్‌లోనే కనబడుతుంది. వేరే బ్యాంకులో తెరిచి, కార్డు, చెక్‌బుక్ ఇంటికి పోస్టులో రాకుండా బ్రాంచిలోనే తీసుకుంటామని అడగండి. నామినీగా అమ్మనో, తోబుట్టువునో పెట్టండి. మీ రిటర్నులు ఆయనే వేస్తుంటే ఇన్‌కమ్ ట్యాక్స్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, లేకపోతే కొత్త ఖాతా వడ్డీ ఏఐఎస్‌లో, అంటే ఆ సైట్‌లో కనిపించే మీ ఏడాది ఆదాయ వివరాల పట్టీలో బయటపడుతుంది.

ఆ తర్వాతే జీతం ఖాతా మార్చమని హెచ్‌ఆర్‌కు చెప్పండి. చాలామంది తడబడేది ఇక్కడే. పర్సనల్ లోన్ ఈఎంఐ పాత ఖాతా నుంచే కడుతుంటే, జీతం ఆగిన నెల అది బౌన్స్ అవుతుంది, చెడేది మీ సిబిల్ స్కోరు. అక్కడ వేసిన డబ్బు ఆయన తీసేసుకోవచ్చు గనుక, ఈఎంఐ కొత్త ఖాతా నుంచి కట్ అయ్యేలా లోన్ ఇచ్చిన చోట ముందే మార్పించండి. క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితం. మీకు తెలియని అప్పు ఇంకేదైనా ఉందేమో అందులో చూడండి.

బంగారం జాయింట్ లాకర్‌లో, ఇద్దరిలో ఎవరైనా తెరిచే పద్ధతిలో ఉంటే ఆయన ఒక్కరే వెళ్లి తీయగలరు. నగల ఫొటోలు, బిల్లులు, పెళ్లి ఫొటోలు పుట్టింట్లో భద్రపరచండి. మీ స్త్రీధనాన్ని అమ్మకుండా, లాకరు తెరవకుండా ఆయన్ని నిలువరించే ఉత్తర్వు మేజిస్ట్రేట్ ఇవ్వగలరు. ఆ ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు కూడా అదే దరఖాస్తులో అడగొచ్చు. ఆడవాళ్లకు జీతంతో సంబంధం లేకుండా లాయరు ఉచితం, న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.

పాత ఖాతాలో జీతం పడని రోజే ఆయనకు తెలుస్తుంది. చేయి చేసుకునే మనిషైతే ఆ రాత్రి ఎక్కడ ఉంటారో ముందే అనుకోండి. సర్టిఫికెట్లు, పాన్, ఆధార్, నెల ఖర్చుకు సరిపడా డబ్బు అప్పటికే అక్కడ ఉండాలి. మహిళల హెల్ప్‌లైన్ 181 ఏ వేళైనా పలుకుతుంది, ఆ కాల్ ఆఫీసు డ్రాయర్‌లో దాచిన మీ కొత్త సిమ్ నుంచే చేయండి.