ప్రాజెక్టుకు సౌండ్ చేశాను, రిఫ్లెక్షన్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: మల్టీమీడియా డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నలుగురం కలిసి బ్రౌజర్‌లో ఆడే ఒక ఇంటరాక్టివ్ కథ తయారుచేశాం. పాడుబడిన ఇంట్లో తిరుగుతూ ఆధారాలు వెతకాలి. సౌండ్ మొత్తం నేనే చేశాను. దాని మీద 1,500 పదాల రిఫ్లెక్షన్ (చేసిన పనిని మనమే సమీక్షించుకునే వ్యాసం) రాయమన్నారు. నా డ్రాఫ్ట్ చూసి లెక్చరర్ ‘చేసిన పనులు వరసగా చెప్పారంతే, ఆలోచన ఎక్కడా కనిపించడం లేదు’ అన్నారు. ఎలా మార్చాలి? సౌండ్ రంగంలోనే స్థిరపడాలని ఉంది. అందుకు ఈ ప్రాజెక్టు పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది. అయితే మీరు ఇప్పుడు రాసే రిఫ్లెక్షన్‌ను బట్టే అది ఎంత పనికొస్తుందో తేలుతుంది. రికార్డు చేశాను, నాయిస్ తీశాను, ఇంజిన్‌లో (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) పెట్టాను అని రాస్తే అది పని డైరీ అవుతుంది. ఎక్కడ చెడింది, చెడిందని ఎలా గుర్తుపట్టారు, కారణం ఏమనుకున్నారు, ఏం మార్చారు, మార్చాక ఏం వినిపించింది: లెక్చరర్‌కు కావలసింది ఇది. రేపు ఇంటర్వ్యూలో అడిగేదీ ఇదే.

సినిమాలో తలుపు ఏ ఫ్రేములో మూసుకుంటుందో సౌండ్ చేసేవాళ్లకు ముందే తెలుసు. మీ ప్రాజెక్టులో అది ఆడేవాళ్ల చేతిలో ఉంది. ఒకరు తలుపు తీసి లోపలికి వెళ్లిపోతారు. ఇంకొకరు అదే తలుపును పదిహేనుసార్లు తీసి వేస్తారు. మీకు ఎదురైన ఇబ్బందుల్లో చాలావరకు ఈ తేడా నుంచే పుట్టి ఉంటాయి. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

అడుగుల చప్పుడే తీసుకోండి. ఒక్క ఫైలుతో సరిపెడితే నాలుగో అడుగుకే చెవి పట్టేస్తుంది, మనిషి నడకలా కాక కుట్టుమిషన్‌లా వినిపిస్తుంది. విడివిడిగా రికార్డు చేసిన అడుగులు 6 నుంచి 8 ఉండాలి. ఒకే అడుగు వెంటవెంటనే రెండుసార్లు రాకుండా చూసుకోవాలి. ప్రతిసారీ పిచ్ (స్వరం ఎత్తు) అర సెమిటోన్ (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య తేడా ఒక సెమిటోన్) లోపు, వాల్యూమ్ 1-2 డెసిబెల్స్ అటూఇటూ మారాలి. పిచ్‌ను 3 సెమిటోన్ల దాకా వదిలేస్తే నడిచే మనిషి బరువే అడుగడుగుకీ మారిపోయినట్టు ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. చప్పుడును టైమర్‌కు కడితే నడక వేగం మారగానే కాలు ఒకచోట, శబ్దం ఒకచోట పడతాయి. యానిమేషన్‌లో పాదం నేలను తాకే ఫ్రేముకు కడితేనే కుదురుతుంది. ‘వైవిధ్యం కోసం రాండమైజ్ చేశాను’ అని ఒక్క వాక్యంలో తేల్చేయకండి. ఎన్ని ఫైళ్లతో మొదలుపెట్టారో, ఎక్కడ యాంత్రికంగా తోచిందో, ఎంత మార్చాక సరిపోయిందో అంకెలతో రాయండి.

గాలి, వాన లాంటి లూపుల్లో (ఆగకుండా మళ్లీ మళ్లీ మోగే ఫైళ్లలో) ఇంకా మంచి సరుకు దొరుకుతుంది. చుట్టు తిరిగిన ప్రతిసారీ ‘టక్’ మంటే, ఫైలు చివర, మొదలు వేవ్‌ఫామ్ (ఎడిటర్‌లో కనిపించే శబ్ద తరంగపు గీత) ఒకే ఎత్తులో కలవడం లేదని అర్థం. సున్నా గీతను దాటే చోట కత్తిరించాలి. లేదంటే చివరి 2 సెకన్లను తెచ్చి మొదటి 2 సెకన్ల మీద క్రాస్‌ఫేడ్ చేయాలి, అంటే ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరిగేలా కలపాలి. ‘టక్’ కాకుండా కన్ను రెప్పవేసినంత ఖాళీ వినిపిస్తే కారణం వేరు. ఎంపీ3గా మార్చేటప్పుడు ఎన్‌కోడర్ ఫైలుకు ముందూ వెనకా కొంత నిశ్శబ్దం చేరుస్తుంది. అందుకే ఎడిటర్‌లో అతుకు తెలియకుండా తిరిగిన లూపు బ్రౌజర్‌లో తడబడుతుంది. లూపులకు వేవ్ (WAV) ఫైళ్లు గానీ ఓజీజీ (OGG) ఫైళ్లు గానీ వాడాలి. పాత సఫారీ బ్రౌజర్లలో ఓజీజీ పలకదు కాబట్టి అక్కడ కూడా పరీక్షించారో లేదో రాయండి. ఇవి రెండూ సరిచేశాక కూడా లూపు తిరిగినట్టు తెలిసిపోతుంటే అందులో ఏదో ఒక కుక్క అరుపో, కిర్రుమనే కిటికీ రెక్కో ఉండి ఉంటుంది. దాన్ని లూపులోంచి తీసి విడి ఫైలుగా, 20 నుంచి 50 సెకన్ల మధ్య ఎప్పుడో ఒకసారి వచ్చేలా పెట్టాలి. చూడటానికి ఒకేలా ఉన్న లోపానికి మూడు కారణాలు ఉండొచ్చు. వాటిని ఎలా విడదీశారో రాస్తే ఆలోచన కనిపించడం లేదని ఎవరూ అనలేరు.

బ్రౌజర్ ప్రాజెక్టు కాబట్టి టైటిల్ సంగీతం మోగని సమస్య మీకు వచ్చే ఉంటుంది. పేజీలో ఎక్కడో ఒకచోట నొక్కేదాకా బ్రౌజర్లు శబ్దాన్ని ఆపి ఉంచుతాయి. ‘మొదలుపెట్టు’ బటన్ ఒకటి పెట్టి, దాని మీద నొక్కినప్పుడే ఆడియోను లేపడం దీనికి పరిష్కారం. ఫైళ్ల బరువూ చూడాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ నిమిషానికి సుమారు 17 ఎంబీ. రికార్డింగ్‌కు అదే సరైనది, పేజీలో లోడ్ చేయడానికి కాదు. గదిలో ఒకచోట నుంచి రావాల్సిన గడియారం, కుళాయి లాంటివి మోనోలోనే (స్టీరియోలా రెండు కాక ఒకే చానెల్‌లో) ఉండాలి. మోనోలో బరువు సగమవుతుంది. పైగా స్టీరియో ఫైలును 3డీలో పెడితే శబ్దం ఎటునుంచి వస్తోందో చెవికి సరిగ్గా అందదు.

లెవెల్స్ విషయంలో విద్యార్థులు తరచూ చేసే తప్పు ప్రతి ఫైలునూ 0 డెసిబెల్స్ (డిజిటల్ ఆడియోలో గరిష్ఠ స్థాయి) దాకా నార్మలైజ్ చేయడం, అంటే పెంచేయడం. విడిగా వింటే బాగుంటుంది. ఒకే శబ్దం ఒకేసారి రెండు మోగితే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, వెంటనే పగులుతుంది. రికార్డింగ్‌లో పీక్ (శబ్దం చేరే అత్యధిక స్థాయి) -12 డెసిబెల్స్ దగ్గర ఉంచి, ఇంజిన్‌లో సంగీతం, వాతావరణం, ఎఫెక్టులు, మాటలు అని నాలుగు గ్రూపులు పెట్టి, మాట వచ్చినప్పుడు సంగీతాన్ని 4-6 డెసిబెల్స్ దించితే వినేవాళ్లకు ఊపిరాడుతుంది. మీరు హెడ్‌ఫోన్‌లో మాత్రమే మిక్స్ చేసి ఉంటే ఆ సంగతి దాచకండి. భయం పుట్టించడానికి పెట్టిన 60 హెర్ట్జ్ గుబగుబ ల్యాప్‌టాప్ స్పీకర్లో అసలు వినిపించదు. దానికి కాస్త శాచురేషన్ (పై పౌనఃపున్యాలను చేర్చే మెత్తటి వక్రీకరణ) కలిపి 200 హెర్ట్జ్ పైన కూడా జాడ ఉండేలా చేయాలి. చేయలేకపోతే, ఎందుకు కుదరలేదో రాసినా చాలు.

ఆడి చూసినవాళ్లను ‘సౌండ్ ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు. దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. ‘ఆ గదిలో ఏముందనుకున్నారు? మెట్ల దగ్గర ఎందుకు ఆగారు?’ అని అడగండి. వీలుంటే ఇప్పుడైనా ఐదుగురి చేత ఆడించండి, అందులో ఇద్దరికి సౌండ్ తీసేసి. ఐదుగురితో ఏదీ రుజువు కాదు, అలా రాయొద్దు కూడా. కానీ ఎవరు ఎక్కడ తచ్చాడారో చూస్తే మీ సౌండ్ దారి చూపిందో, కేవలం అలంకారంగా మిగిలిందో తెలుస్తుంది.

జట్టులో సౌండ్ చివరికి నెట్టబడింది అనే ఫిర్యాదు దాదాపు ప్రతి రిఫ్లెక్షన్‌లోనూ ఉంటుంది. దాన్ని ఫిర్యాదుగా వదలకండి. మొదటి వారంలోనే శబ్దాల జాబితా ఇచ్చారా? అసలు శబ్దాలు తయారయ్యేదాకా నోటితో చేసిన తాత్కాలిక శబ్దాలనైనా పెట్టారా? ఇవి జరగకపోతే అందులో మీ వాటా ఎంతో చెప్పండి. ఇలాంటి నిజాయితీకి మార్కులు తగ్గవు.

1,500 పదాల్లో మూడు సమస్యలకు మించి పెట్టుకోవద్దు. ఒక్కోదానికి సుమారు 400 పదాలు ఇవ్వండి. పరికరాల పట్టిక, శబ్దాల జాబితా అనుబంధంలోకి వెళ్లాలి. డౌన్‌లోడ్ చేసిన ప్రతి శబ్దం పక్కన ఎక్కడిది, ఏ లైసెన్సు అని ఉండాలి. శబ్దాలు పంచుకునే సైటు ఫ్రీసౌండ్‌లో కొన్నింటికి పేరు చెప్పక్కర్లేదు, కొన్నింటికి చెప్పి తీరాలి, కొన్నింటిని వ్యాపారానికి వాడకూడదు. ప్రాజెక్టును తర్వాత అమ్మకానికి పెట్టాలనుకుంటే ఈ మూడో రకం అడ్డుపడుతుంది.

ఇక ఉద్యోగం సంగతి. మంచి శబ్దాలు తయారుచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటిని ఆటలో సరిగ్గా పలికించగలిగేవాళ్లు తక్కువ. అందుకని సౌండ్ డిజైనర్ పోస్టులతో పాటు టెక్నికల్ సౌండ్ డిజైనర్ (శబ్దాలను ఆటలో అమర్చి పలికించే పని), డైలాగ్ ఎడిటర్ పోస్టులు కూడా చూడండి. ఇదే ప్రాజెక్టులోని ఒక్క గదిని ఆటల్లో శబ్దాలు అమర్చే సాఫ్ట్‌వేర్లయిన వైజ్ (Wwise)లో గానీ ఎఫ్‌మోడ్ (FMOD)లో గానీ మళ్లీ కట్టండి. రెండూ నేర్చుకోవడానికి ఉచితంగానే దొరుకుతాయి. సీ షార్ప్ (C#) అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక శబ్దాన్ని ఎలా పిలవాలో, విలువను బట్టి దాన్ని ఎలా మార్చాలో తెలిసినా మొదటి ఉద్యోగానికి బాగా ఉపయోగపడుతుంది. రీల్ (మీ పని చూపించే నమూనా వీడియో) 90 సెకన్లు దాటనివ్వకండి. ఆట తెర మీద లూపు సమస్య ఉన్నప్పటి 10 సెకన్లు, వెంటనే సరిచేశాక 10 సెకన్లు, ఆ తర్వాత లోపలి అమరిక కనిపించే తెర. ఏ శబ్దం మీరు రికార్డు చేసిందో, ఏది తెచ్చుకున్నదో కింద అక్షరాల్లో చూపించండి. వినేవాళ్లు మొదటి 15 సెకన్లలోనే ఆపేయొచ్చు, కాబట్టి మీకు అన్నిటికన్నా నచ్చిన గదితోనే మొదలుపెట్టండి.