పిల్లల ప్రవర్తనకు పాయింట్లు వేసే సాఫ్ట్‌వేర్ మా బడికి కొనవచ్చా?

రాజోలు దగ్గర చిన్న ప్రైవేటు బడి నడుపుతున్నామని, హాజరు, మార్కులతో పాటు ప్రవర్తనకూ పాయింట్లు వేసి తల్లిదండ్రుల ఫోనుకు పంపే సాఫ్ట్‌వేర్ ఒకటి చూపించారని, కొనాలా వద్దా అని అడిగారు. నేను కోనసీమలోనే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. రిజిస్టర్ల కాలం నుంచి యాప్‌ల కాలం దాకా మా తరగతి నమోదు పని నా నెత్తినే ఉంది. హాజరు కోసమైతే కొనండి. ప్రవర్తన పాయింట్ల భాగాన్ని మాత్రం తీసేసి ఇవ్వమనండి.

హాజరును తక్కువగా చూడకండి. షికాగో ప్రభుత్వ బడుల మీద 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, తొమ్మిదో తరగతిలో ఎవరు తప్పుతారో ముందుగా చెప్పడానికి ఎనిమిదో తరగతి పరీక్ష మార్కులకంటే హాజరే ఎన్నో రెట్లు నమ్మదగిన గుర్తుగా తేలింది. మన దగ్గర చిక్కేమిటంటే అందరూ శాతమే చూస్తారు. అమ్మఒడి పథకం 75 శాతం నిబంధనతో వచ్చినప్పటి నుంచి ఆ అంకె ఇళ్లలోనూ బడుల్లోనూ పాతుకుపోయింది. అది దాటితే చాలు, ఇక ఎవరూ అడగరు.

మా ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయికి ఏ నెల చూసినా ఎనభైకి పైనే ఉండేది. రోజువారీ గళ్లు వరుసగా పరిచి చూస్తే గైర్హాజరు రెండేసి రోజులు జంటగా పడుతోంది. అడిగితే జ్వరం అన్నాడు. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఆ తేదీలు వింటూనే, ‘అవి చెరువుల పట్టుబడి రోజులు కదా మాస్టారూ’ అంది. రాత్రంతా రొయ్యల చెరువు గట్టు మీద పని, పగలంతా నిద్ర. తండ్రితో మాట్లాడాం. పూర్తిగా మాన్పించలేకపోయాం గానీ పరీక్షల నెలల్లో చెరువు పనికి పంపడం లేదు. గళ్లను అలా పరిచి చూపించినందుకు ఆ సాఫ్ట్‌వేర్‌కు నేను రుణపడే ఉన్నాను. కారణం మాత్రం వంటావిడ చెబితేనే తెలిసింది.

అందుకే గైర్హాజరు పక్కన కారణం రాసే గడి ఉందో లేదో చూడండి. లేకపోతే జులై, ఆగస్టుల్లో వింతలు చూస్తారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది. ఆ రోజుల్లో కాజ్‌వేలు మునిగి లంకల పిల్లలకు దారి ఉండదు, గట్టుకు ఇవతల ఉన్న బడి మాత్రం తెరిచే ఉంటుంది. వరద తీసేసరికి లంక పిల్లలందరి పేర్లూ ఎర్రగా మారి, బడి మానేసే ప్రమాదం ఉన్నవారి జాబితాలో కూర్చుంటాయి. గోదావరి చేసిన పనికి పిల్లల మీద నింద!

ఫోనుకు వెళ్లే సందేశాల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ‘మీ అమ్మాయి ఈరోజు రాలేదు’ అనే సందేశం తల్లి నంబరుకు వెళ్తుంది. ఆ తల్లి కువైట్‌లో ఉంటుంది. పిల్లను చూసుకునే అమ్మమ్మ నంబరు ఎవరూ ఎక్కించి ఉండరు. ముందు నంబర్లు సరిచూసుకోండి.

ఇక ప్రవర్తన. మీకు చూపించినదాంట్లో ‘తరగతిలో నిద్ర’ అనే మీట ఉండే ఉంటుంది, నొక్కితే పాయింట్లు తగ్గుతాయి. పైన చెప్పిన అబ్బాయికి దానితో ఏం ఒరిగేది? అదే అల్లరికి ఒక మాస్టారు మూడు తగ్గిస్తారు, ఇంకొకరు నవ్వి ఊరుకుంటారు. ఏడాది చివర వచ్చే మొత్తంలో పిల్లవాడి నడత ఎంతో, మాస్టార్ల ఓపిక ఎంతో ఎవరూ విడదీయలేరు. అయినా ఆ అంకె పై తరగతికి వాడికంటే ముందే వెళ్లి కూర్చుంటుంది. రాయాల్సి వస్తే జరిగినది రాయండి: ‘మూడో పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చి పడుకున్నాడు’, తేదీ, అంతే. ‘మొండి’, ‘సోమరి’ అన్న మాటలు వద్దు. ఆ పుస్తకం తరగతి ఉపాధ్యాయుడి దగ్గరే ఉండాలి.

చట్టం సంగతి కూడా ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి ప్రవర్తన మీద నిఘాను నిషేధించింది. 2025 నిబంధనల్లో విద్యాసంస్థలకు చదువు, భద్రత అవసరాల మేరకు మినహాయింపు ఇచ్చారు. అమ్మే కంపెనీ ఆ వివరాలను ఇంకెందుకైనా వాడుతుందా, పిల్లవాడు బడి మారాక ఎప్పుడు తుడిచేస్తుంది అన్నది కాగితం మీద రాయించుకోండి.

డబ్బు కట్టే ముందు ఒక్క తరగతిలో దసరా సెలవుల దాకా వాడి చూడండి. బడుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ఎలాగూ ఒక్కో విద్యార్థి వివరాలు మీరు ఎక్కించాల్సిందే కాబట్టి, పెన్ నంబరుతో (ఒక్కో విద్యార్థికి ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) సహా అన్నీ ఎక్సెల్‌లోకి దించుకునే వీలుందేమో అడగండి. లేదంటే మీ గుమస్తా అవే వివరాలు రెండుసార్లు కొట్టాలి.