కరెంటు బిల్లు తగ్గుతుందని ఫ్రెంచ్ తలుపులు పెట్టించాలా?

ప్రశ్న: మాది విశాఖ లాసన్స్ బే కాలనీలో నాలుగో అంతస్తు ఫ్లాట్. హాలు బాల్కనీ సముద్రం వైపు, ఒక పడకగది రోడ్డు వైపు, రెండోది వెనక సందు వైపు ఉంటాయి. పాత చెక్క తలుపులు ఉబ్బిపోయాయి, అద్దాలు వదులయ్యాయి. మూడు చోట్లా డబుల్ గ్లేజ్డ్ (మధ్య ఖాళీతో రెండద్దాలుండే) ఫ్రెంచ్ తలుపులకి, అంటే నిలువెత్తు అద్దాలుండే రెండు రెక్కల తలుపులకి, కొటేషన్ తీసుకున్నాం. చదరపు అడుగు 1,900 చొప్పున 126 అడుగులు. ఒకే అద్దమైతే 1,300 అట. రెండద్దాలు పెడితే ఏసీ బిల్లు సగమై, నాలుగేళ్లలో పెట్టింది తిరిగొచ్చేస్తుందని చెప్పారు. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇంటి ఖర్చు నెలకు 55,000. అన్నీ పోను 15,000 మిగులుతుంది. ఎఫ్‌డీ తీసేయాలా, 13 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ 3 లక్షలు తీసుకోవాలా?

జవాబు: అమ్మా, రెండూ వద్దు. ఎందుకో చెప్పే ముందు ఆ "బిల్లు సగం" సంగతి తేల్చేద్దాం. మీ లెక్క మొత్తం దాని మీదే నిలబడింది.

మామూలు ఒంటి అద్దంలోంచి, లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరుకి సుమారు 5.7 వాట్ల వేడి వస్తుంది. మధ్యలో 12 మిల్లీమీటర్ల గాలి ఖాళీ ఉన్న రెండద్దాల తలుపైతే 2.8. సగానికి తగ్గిందన్నమాట. అమ్మేవాళ్లు చెప్పే సగం ఇదే. కానీ సగమైంది అద్దంలోంచి వచ్చే వేడి, మీ బిల్లు కాదు. గోడలు, పైకప్పు, మనుషులు, తెరిచి మూసే తలుపులు, అన్నిటి వేడీ ఏసీ లాగాల్సిందే.

మీరు ఏసీ వేసేది రెండు పడకగదుల్లో అనుకుంటాను. తలుపులు 35 అడుగుల చొప్పున 70 అడుగులు, అంటే ఆరున్నర చదరపు మీటర్లు. బయటికీ లోపలికీ 8 డిగ్రీల తేడా వేద్దాం. విశాఖ రాత్రికి ఇది ఉదారమే, చలిదేశాల్లోలా ముప్పై డిగ్రీల తేడా మనకెక్కడిది? తగ్గే వేడి 150 వాట్లు. దాన్ని బయటికి తోయడానికి ఏసీకి పట్టే కరెంటు 45 వాట్ల లోపే. రోజుకి 8 గంటలు, ఏడాదికి 240 రోజులు వేసినా 83 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా 830.

ఆ రెండు గదుల్లో రెండో అద్దానికి మీరు అదనంగా ఇచ్చేది అడుగుకి 600 చొప్పున 42,000. 18 శాతం జీఎస్టీతో 49,560. అది 830 చొప్పున తిరిగి రావాలంటే 60 ఏళ్లు. అద్దాల మధ్య సీల్ అన్నాళ్లు ఉండదు. సీల్ పోతే తేమ లోపలికి చేరి అద్దం మసకబారుతుంది, అప్పుడు ఆ అద్దాల జత మొత్తం మార్చాలి.

హాలు సంగతి వేరే చెప్పాలా? సముద్రపు గాలి కోసమే ఆ ఫ్లాట్ కొనుక్కుని ఉంటారు. తలుపు తీసి పెట్టుకున్నాక ఎన్ని అద్దాలుంటే ఏం? మన సముద్రం తూర్పు వైపు. పొద్దున్నే ఎండ నేరుగా హాల్లో పడుతుంది. మామూలు పారదర్శక అద్దం ఒకటైనా రెండైనా ఎండని పెద్దగా ఆపదు. బాల్కనీలో బయటి వైపు ఒక వెదురు చాప వేలాడదీస్తే అంతకంటే మేలు.

చల్లగాలి సందుల్లోంచి పోతోందంటారా, నిజమే. వంకరపోయిన తలుపుల వల్ల జరిగే నష్టం అదే. అది రబ్బరు గాస్కెట్ ఉండి గట్టిగా మూసుకునే ఏ కొత్త తలుపుతోనైనా ఆగుతుంది. రెండో అద్దానికి దీంతో సంబంధం లేదు.

డబుల్ గ్లేజింగ్ నిజంగా పనికొచ్చేది మీ రోడ్డు వైపు గదికి. చప్పుడు తగ్గుతుంది. అక్కడ పెట్టించండి, కాకపోతే రెండద్దాలూ ఒకే మందం వద్దు. ఒకటి 6 మిల్లీమీటర్లు, ఇంకోటి లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన అద్దం) అయితే శబ్దం బాగా ఆగుతుంది. హాల్లో ఒంటి లామినేటెడ్ అద్దం చాలు. పగిలినా మధ్యలోని పొర ముక్కల్ని పట్టి ఉంచుతుంది. టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) అద్దం పగిలితే చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది, ఒంటికి ప్రమాదం తక్కువే గానీ తుపాను గాలిలో తలుపు బోసిపోతుంది. సందు వైపు గదిని ఇప్పటికి వదిలేయండి, వడ్రంగిని పిలిపించి ఆ తలుపు చిత్రిక పట్టిస్తే కొన్నేళ్లు వస్తుంది.

మరి డబ్బు. హాలు 56 అడుగులు 1,300 చొప్పున, రోడ్డు గది 35 అడుగులు 1,900 చొప్పున, జీఎస్టీతో 1,64,374. మీ కొటేషన్ అడుగున "పన్నులు అదనం" అని ఉందేమో చూడండి. మూడు చోట్లకీ మీరు 2,39,400 అనుకుంటున్నది పన్నుతో 2,82,492 అవుతుంది. లామినేటెడ్ తేడాకి, గోడ పూతకి 20,000 వేసి 1,85,000 పెట్టుకుందాం. నెలకి మిగిలే 15,000 ఆర్డీలో వేస్తే ఏడాదికి వడ్డీతో ఆ దరిదాపులకొస్తుంది.

పర్సనల్ లోన్ అయితే నెలకి సుమారు 10,100 చొప్పున 36 నెలలు, వడ్డీయే దాదాపు 64,000. అప్పు చేసి పప్పుకూడంటే ఇదే. ఇంటి మరమ్మతు కదా, పన్ను మినహాయింపు రాదా అని అడుగుతారు. పాత విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు అప్పు వడ్డీకి ఏడాదికి 30,000 వరకే, కొత్త విధానంలో అదీ లేదు. ఎఫ్‌డీ మాటకొస్తే 4 లక్షల్లో 3,30,000 మీ ఆరు నెలల ఖర్చు. దాని జోలికి వెళ్లొద్దు. వాన నీళ్లు ఆగకుండా వచ్చి హాలు ఇంక ఆగలేనంటే, ఎఫ్‌డీ మీద అప్పు తీసుకోండి. మామూలుగా డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువ వేస్తారు, తొందరగా తీర్చేయొచ్చు.

మిగిలిన డబ్బు పైకి కనపడని స్క్రూలు, బందుల మీద పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను పెదవాల్తేరులో అద్దెకుండేవాణ్ని. హాలు అద్దం పగల్లేదు, చట్రం చట్రమంతా గోడలోంచి ఊడి వచ్చింది. పొట్టి స్క్రూలు, ప్లాస్టరు దాటి ఇటుకలోకి దిగలేదు. అప్పట్నుంచీ నేను అద్దం కంటే స్క్రూ పొడవే ముందు అడుగుతాను. బందులు, గడియలు, స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. 304 రకం సముద్రం పక్కన తొందరగా మచ్చలు పడుతుంది. చట్రం యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) అయితే లోపలి ఇనుప బద్దకి గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా జింకు పూత) ఉందా అడగండి. తలుపు రెక్కలు బాల్కనీలోకి తెరుచుకుంటే అక్కడి కుర్చీ, బట్టల తీగ ఎక్కడికి పోతాయో ముందే కొలుచుకోండి. అపార్ట్‌మెంట్ బయటి రూపం మారుతుంది కాబట్టి అసోసియేషన్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇంటికి బీమా లేకపోతే ఈ తలుపుల కంటే ముందు అది తీసుకోండి. భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను నష్టం కూడా వస్తుంది.

పని సంక్రాంతి వెళ్లాక పెట్టుకోండి, చట్రం చుట్టూ సందుల్లో నింపే సిలికాన్, తడి లేని గోడకే బాగా పట్టుకుంటుంది. సీల్ గ్యారంటీ ఎన్నేళ్లో బిల్లు మీదే రాయించుకోండి. చివరి పది శాతం మాత్రం తొలి వాన పడి, హాల్లో తడి లేదని మీరు చేత్తో తడిమి చూసుకున్నాకే ఇవ్వండి.