అమెరికా కాలేజీల్లో ఫుట్‌బాల్ మీద అంత డబ్బు వస్తున్నా, టెన్నిస్, స్విమ్మింగ్ జట్లను ఎందుకు ఎత్తేస్తున్నారు?

డబ్బు వస్తున్న మాట నిజమే. చాలాచోట్ల ఖర్చు అంతకంటే వేగంగా పెరుగుతోంది.

పెద్ద మార్పు 2025 జూన్‌లో వచ్చింది. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన ‘హౌస్’ కేసులో రాజీకి కోర్టు ఒప్పుకున్నాక, యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇచ్చే వీలు కలిగింది. 2025–26కి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఇచ్చి తీరాలని రూలేమీ లేదు. కానీ పక్క యూనివర్సిటీ ఇస్తుంటే మీరు ఇవ్వనంటే మంచి ఆటగాడు మీ దగ్గరికెందుకొస్తాడు? దీనికితోడు అదే రాజీ కింద పాత ఆటగాళ్లకు పదేళ్లలో చెల్లించాల్సిన దాదాపు 280 కోట్ల డాలర్ల పరిహారం కోసం, ఎన్‌సీఏఏ నుంచి యూనివర్సిటీలకు రావాల్సిన వాటాల్లో కోత పడుతోంది.

ప్రయాణ ఖర్చులు వేరే. 2024లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ ‘బిగ్ టెన్’ అనే కాలేజీ లీగ్‌లో చేరింది. అందులో దేశం అవతలి చివర న్యూజెర్సీలోని రట్గర్స్ యూనివర్సిటీ కూడా ఉంది. అంటే వాలీబాల్ అమ్మాయిలూ దేశం ఆ చివరికి విమానమెక్కాల్సిందే.

కోత మాత్రం ఆదాయం లేని ఆటల మీదే పడుతుంది. 1972 నాటి ‘టైటిల్ నైన్’ చట్టం ప్రకారం అమ్మాయిలకు సమాన అవకాశాలు చూపాలి కాబట్టి, తరచూ అబ్బాయిల టెన్నిస్, స్విమ్మింగ్, రెజ్లింగ్ జట్లు ముందు పోతాయి.

నిజానికి ఈ కోతల వల్ల మిగిలేది తక్కువే. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం ఒక్క ఫుట్‌బాల్ కోచ్‌ను తీసేయడానికి 7.5 కోట్ల డాలర్లకు పైగా బాకీ పడింది! 2020లో 11 ఆటలు ఆపేస్తామన్న స్టాన్‌ఫర్డ్, పూర్వ విద్యార్థులు పోరాడాక 2021లో వెనక్కి తగ్గింది.